కాలేజీ బాస్కెట్‌బాల్ కోచ్ అవ్వాలనుంది, ఈ లైన్‌లో బతుకుతెరువు ఉందా?

పర్లాకిమిడి పాయింట్‌గార్డ్:
అందరికీ నమస్తే. మాది పర్లాకిమిడి, ఇంట్లో తెలుగు, కాలేజీలో ఒడియా. బీఏ ఫైనల్ ఇయర్, మూడేళ్ల నుంచి కాలేజీ టీమ్‌కి ఆడుతున్నాను, ప్లేయర్‌గా ఇంతకంటే పైకి వెళ్లనని నాకే అర్థమైపోయింది కానీ కోర్టు వదిలి ఉండలేను. సాయంత్రాలు జూనియర్ అమ్మాయిలకి డ్రిబ్లింగ్ నేర్పిస్తున్నాను, ఎడం చెయ్యి అస్సలు వాడని పిల్ల ఒకత్తి మొన్న మ్యాచ్‌లో ఎడం చేత్తో లేఅప్ (పరిగెత్తుకెళ్లి రింగు దగ్గర్నించి వేసే షాట్) వేసి వెంటనే నా వైపు తిరిగి చూసింది, ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నాన్నేమో బీఈడీ చెయ్యమ్మా, టీచర్ పోస్టు వస్తాది అంటున్నారు. ఏం చదవాలి, ఎవరైనా చెప్పండి.

బరంపురం పీఈటీ మాస్టారు:
తల్లీ, ఉన్నది ఉన్నట్టు చెప్తాను. మన వైపు ఎక్కువ కాలేజీల్లో బాస్కెట్‌బాల్‌కని విడిగా కోచ్ పోస్టు ఉండదు, పీఈటీ ఒక్కడే ఉంటాడు, పొద్దున్న కబడ్డీ, మధ్యాహ్నం ఎంట్రీ ఫారాలు, సాయంత్రం నీ బాస్కెట్‌బాల్, జనవరి 26 పరేడ్ కూడా ఆయనదే. అందుకని ముందు బీపీఈడీ (బీఈడీ లాంటిదే, వ్యాయామ విద్యలో డిగ్రీ), ఆ తర్వాత ఎంపీఈడీ (అందులోనే పీజీ) చేసి ఫిజికల్ ఎడ్యుకేషన్‌లో నెట్, అంటే లెక్చరర్ అర్హత పరీక్ష రాయి, జీతం తెచ్చేది అదే. ఆటని తెచ్చేది మాత్రం పటియాలాలో కోచ్‌లని తయారుచేసే జాతీయ క్రీడా సంస్థ ఎన్ఐఎస్ ఇచ్చే డిప్లొమా, అక్కడ ఏ ఆటకి ఆ ఆట విడిగా నేర్పుతారు. ఏడాది వెళ్లలేకపోతే ఆరు వారాల సర్టిఫికెట్ కోర్సుతో మొదలెట్టు. నాన్నగారికి చెప్పు, బీపీఈడీ చేసినా స్కూల్లో పోస్టుకి పనికొస్తాదని. ఇంకోటి, నువ్వు ఆడిన సర్టిఫికెట్లు ఒక్కటి కూడా పారేయకు, ల్యామినేషన్ అసలే చేయించకు, వెరిఫికేషన్‌లో ఒరిజినల్ కాగితం చూడాలంటారు.

రాయగడ రీబౌండ్:
మాస్టారు చెప్పింది కరెక్టే చెల్లీ. నేను ఒక ప్రైవేటు కాలేజీలో రెండేళ్లు గెస్ట్ కోచ్‌గా చేశాను, ఏడు నెలల డబ్బులు ఇప్పటికీ రాలేదు, రాతపూర్వకంగా ఏమీ తీసుకోకపోవడం నాదే తప్పు, నువ్వు మాత్రం కాగితం లేకుండా ఎక్కడా చేరకు. అక్కడ మా పిల్లలు ఇంట్లో పులులు, బయట మ్యాచ్‌కి వెళ్తే ప్రతి షాటూ రింగు ముందంచుకి తగిలి వెనక్కొచ్చేది. ఒత్తిడి అనుకున్నాను, ఫిట్‌నెస్ అనుకున్నాను, వాళ్లని తిట్టాను కూడా. చివరికి ఒకరోజు టేపు పట్టుకుని కొలిస్తే రింగు 9 అడుగుల 8 అంగుళాలే ఉంది, ఉండాల్సింది 10 అడుగులు. వానలకి గోతులు పడినప్పుడల్లా మట్టి పోసి పోసి నేలే పైకొచ్చేసింది! పిల్లలూ నేనూ కలిసి రెండు ఆదివారాలు పార పట్టుకుని తవ్వాం. కాబట్టి పిల్లల్ని అనే ముందు గ్రౌండు చూసుకో.

గుణుపురం అక్క:
అమెరికాలో కాలేజీ కోచ్‌లంటే కోట్ల జీతాలు అనుకుంటాం గానీ పాట్ సమ్మిట్ ఎలా మొదలెట్టిందో తెలుసుకో. 1974లో టెనెసీ యూనివర్సిటీ అమ్మాయిల టీమ్‌కి కోచ్ అయింది, అప్పటికి ఆవిడ వయసు 22, నెలకి 250 డాలర్లు, టీమ్ వ్యాన్ ఆవిడే నడిపేది, ప్లేయర్ల యూనిఫారాలు ఆవిడే ఉతికేది. 38 సీజన్లు అదే యూనివర్సిటీలో ఉండి 1098 మ్యాచ్‌లు, 8 జాతీయ టైటిళ్లు గెలిచింది. నాకు వీటన్నిటికంటే పెద్దగా కనిపించేది ఏంటంటే, ఆవిడ దగ్గర పూర్తి కాలం ఆడిన పిల్లలందరూ డిగ్రీ పూర్తి చేశారు. ఇక డ్యూక్ యూనివర్సిటీ మైక్ షషెఫ్‌స్కీ అయితే మొదటి మూడు సీజన్లలో 38 గెలిచి 47 ఓడిపోయాడు, తీసెయ్యమని గోల కూడా చేశారు, అయినా ఉంచారు, 42 సీజన్లు చేసి 5 టైటిళ్లు తెచ్చాడు. మన దగ్గర అంత ఓపిక పట్టే మేనేజ్‌మెంట్ దొరకడం కష్టం, అది నాకు నిజంగా బాధ. అందుకే మాస్టారు చెప్పిన పర్మనెంటు పోస్టు ముఖ్యం, అది ఉంటే రెండేళ్లు ఓడిపోయినా నిన్నెవరూ పంపించలేరు.

పర్లాకిమిడి పాయింట్‌గార్డ్:
మాస్టారూ, అన్నా, అక్కా, చాలా థాంక్స్. మీ రిప్లైలు నాన్నకి చదివి వినిపించాను, బీపీఈడీ ఎంట్రన్స్‌కి సరేనన్నారు, పటియాలా మాట మాత్రం తర్వాత చూద్దామన్నారు. అన్నా, ఇవాళ మా రింగులు కొలిచాను, ఒకటి సరిగ్గా ఉంది, రెండోది రెండంగుళాలు తక్కువ. ఆ ఎడం చేతి పిల్ల వేసింది సరైన రింగులోనే.