తిరుపతిలో కొత్త ఆర్ట్, డిజైన్ గ్రాడ్యుయేట్ల షో పెట్టాలంటే ఏం చూసుకోవాలి? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి

స్వర్ణముఖి_గట్టు:
ఈ ఏడాది ఆర్ట్, డిజైన్ కోర్సులు పూర్తిచేసిన మన వైపు పిల్లల పనులతో తిరుపతిలో ఒక షో పెట్టాలని కొంతమందిమి అనుకుంటున్నాం. ఎస్వీ శిల్ప కళాశాల వాళ్లు, పద్మావతి మహిళా యూనివర్సిటీ అమ్మాయిలు, కడప ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీలో చదివొచ్చినవాళ్లు, వెంకటగిరిలో చేనేత డిప్లొమా చేసినవాళ్లు ఉన్నారు. కోర్సు చివర కాలేజీలో డిస్‌ప్లే పెడతారు. మార్కులు వేస్తారు, అమ్మానాన్నలు ఫోటోలు తీసుకుంటారు, సాయంత్రానికి అంతా చుట్టి ఇంటికి పట్టుకెళ్తారు. పని ఇచ్చేవాళ్లు, కొనేవాళ్లు ఆ గదిలోకి రానే రారు. వాళ్లను ఎలా రప్పించాలి, వచ్చాక ఏం చూపించాలి? షోలు పెట్టినవాళ్లు, పాల్గొన్నవాళ్లు రాయండి.

కసిమి_కుండ:
మాది శ్రీకాళహస్తి. గోడకు గుడ్డ తగిలించి వదిలేస్తే జనం "బాగుంది" అని ముందుకు పోతారు. పని చేసి చూపిస్తే కదలరు. కలంకారీ పిల్లలు ఉంటే ఒక చిన్న బల్ల వేయించండి. దాని మీద కరక్కాయ, గేదె పాలు పట్టించి ఆరేసిన గుడ్డ ముక్కలు, వెదురు కలం, గిన్నెలో కసిమి ఉంటే చాలు. తుప్పు పట్టిన ఇనుము, బెల్లం నీళ్లలో వారాల తరబడి ఊరితే వచ్చేదే కసిమి. గిన్నెలో ఉన్నప్పుడు అంత నల్లగా కనిపించదు. గుడ్డ మీద గీత పడ్డాక కరక్కాయ ఒగరుతో కలిసి కళ్లముందే నల్లబడుతుంది. పాలలోని కొవ్వు వల్ల గీత పాకదు, గీసినచోటే నిలుస్తుంది. ఒక షోలో వచ్చినవాళ్ల చేతికే కలం ఇచ్చాం. హోటళ్లకు ఇంటీరియర్ చేసే ఒకావిడ గీత గీసి, అది నల్లబడటం చూసి, అక్కడే కూర్చుని ప్రశ్నల మీద ప్రశ్నలు వేసింది. తర్వాత మా అమ్మాయికి గోడ ప్యానెళ్ల ఆర్డర్ ఇచ్చింది.

ఇంకొకటి గట్టిగా చెప్తున్నా. ప్రతి పని పక్కన చేసినవాళ్ల పేరు పెద్ద అక్షరాల్లో ఉండాలి. నేను ముందు పనిచేసిన చోట రోజుల తరబడి గీసిన చీరకు షాపు పేరు మాత్రమే ఉండేది. కొన్నవాళ్లకు గీసిందెవరో తెలియనే తెలియదు.

చిత్తూరు_టు_బెంగళూరు:
కసిమి అక్క చెప్పింది గ్రాఫిక్, ఇలస్ట్రేషన్ పిల్లలకు కూడా వర్తిస్తుంది. మా స్టూడియోలో కొత్తవాళ్లను తీసుకునేటప్పుడు నేనూ కూర్చుంటాను. ఫైనల్ పోస్టర్ అందరిదీ బాగానే ఉంటుంది. మేము అడిగేది దాని వెనక ఉన్న నోట్‌బుక్. తిరుపతి అమ్మాయి ఒకరు గంగమ్మ జాతర మీద చేసిన ప్రాజెక్ట్ తెచ్చింది. జాతరలో భక్తులు బైరాగి వేషానికి తెల్ల సుద్ద, బండ వేషానికి కుంకుమ, తోటి వేషానికి బొగ్గు, దొర వేషానికి చందనం పూసుకుంటారు కదా, ఆ నాలుగింటినే తన ప్రాజెక్ట్‌కు రంగులుగా పెట్టుకుంది. కాగితం మీద వాటిని నిజంగానే పూసి, ఆరాక రంగు ఎంత మారిందో పక్కన రాసుకుంది. బొగ్గు చేతికి అంటుకుంటోందని మూడు రకాల కాగితం మార్చి చూసింది. ఆ పేజీలు చూసే ఆమెను తీసుకున్నాం. దయచేసి ప్రతి స్టాల్‌లో నోట్‌బుక్ తిరగేయడానికి వీలుగా పెట్టించండి. అద్దాల పెట్టెలో పెట్టొద్దు.

పలమనేరు_మట్టి:
బెంగళూరులో జనవరిలో ఒక ఆదివారం కర్ణాటక చిత్రకళా పరిషత్ వాళ్లు చిత్ర సంతె పెడతారు. రోడ్డు పొడుగునా స్టాళ్లే. అక్కడికి వచ్చే జనం కొనాలనే వస్తారు. ధర రాసి పెట్టిన పనుల దగ్గర ఆగుతారు, రాయకపోతే అడగడానికి మొహమాటపడి వెళ్లిపోతారు. పెద్ద పెయింటింగ్‌తో పాటు దాని చిన్న ప్రింట్లు, కార్డులు కూడా ఉండాలి. స్టూడెంట్ ఎవరైనా నూట యాభై పెట్టి ఒక కార్డు తీసుకుంటే మన పేరు వాళ్ల గదిలో ఉంటుంది. ఎండకు, గాలికి క్లిప్పులు మర్చిపోవద్దు.

ఉలి_తండ్రి:
నమస్కారం. మా వాడు శిల్ప కళాశాలలో శిలా శిల్పం పూర్తిచేశాడు. రాతి విగ్రహాన్ని హాలుకు తేవాలంటే ఆటో, మనుషులు, ఎక్కడ అంచు విరుగుతుందోనని టెన్షన్. ఒక చిన్న విగ్రహం, మిగతావి ఫోటోలు సరిపోతాయనుకుంటాను. పక్కన కొలతల గీతల కాగితం తప్పకుండా ఉండాలి. ఉత్తమ దశతాళం అనే విగ్రహ కొలతలో మొత్తం ఎత్తు 124 అంగుళాలు. ఈ అంగుళం స్కేలు మీద అంగుళం కాదు, ఎంచుకున్న విగ్రహం ఎత్తును బట్టి వచ్చే భాగం. ముఖానికి ఎన్ని, మెడకు ఎన్ని అని గీత గీసి ఉంటే చూసేవాళ్లకు చదువు విలువ తెలుస్తుంది. మా బంధువులు "రాళ్లు కొట్టడానికి ఇన్నేళ్లు కాలేజీ ఎందుకు" అని అడుగుతారు. ఆ కాగితం చూశాక ఎవరూ అడగలేదు. ఊళ్లలో గుడి కట్టించే కమిటీల వాళ్లను, స్థపతులను ఇంటికెళ్లి పిలవాలి సార్. వాట్సాప్ కార్డు చూసి రారు.

నూలు_పడుగు:
స్థలం గురించి. శిల్పారామం అయితే తిరుచానూరు రోడ్డు మీద అందరికీ తెలుసు, కుటుంబాలు వస్తాయి. కానీ అక్కడికి వచ్చేవాళ్లు పిల్లల్ని ఆడించడానికి వస్తారు, ఆర్డర్ ఇచ్చేవాళ్లు తక్కువ. నేనైతే రెండు భాగాలు చేస్తాను. శుక్రవారం ఏదైనా హాల్లో పిలిచినవాళ్లకు మాత్రమే, శని ఆదివారాలు శిల్పారామంలో అందరికీ. బ్రహ్మోత్సవాల రోజులు వద్దే వద్దు, రూములు దొరకవు, ట్రాఫిక్ కదలదు. మే ఎండలూ వద్దు. హాస్టల్ అమ్మాయిలు ఉంటారు కాబట్టి ఏడింటికల్లా మూసేయండి, సామాను సర్దడానికి అన్నయ్యలు ఇద్దరు ఉండాలి.

లండన్‌లో న్యూ డిజైనర్స్ అని 1985 నుంచి గ్రాడ్యుయేట్ల షో జరుగుతోంది. బట్టలు, నగలు, మట్టి పనులు ఒక వారం, ఫర్నిచర్, గ్రాఫిక్స్ లాంటివి ఇంకో వారం. పాసై సొంతంగా పని మొదలుపెట్టి ఏడాది అయినవాళ్లకు వేరే విభాగం ఉంటుంది. అది మనం తప్పకుండా పెట్టాలి. మొదటి ఏడాదే చాలామంది వదిలేసి ఏదో ఒక ఉద్యోగంలో చేరిపోతున్నారు. వాళ్లకు ఈ షో ఇంకా ఎక్కువ అవసరం.

చిత్తూరు_టు_బెంగళూరు:
నూలు అక్కా, ఏడాది అయినవాళ్ల మాట చాలా మంచిది. కానీ శుక్రవారం వద్దు, బెంగళూరు, చెన్నై నుంచి రావాలంటే శనివారం పొద్దున అయితేనే కుదురుతుంది. మా స్టూడియో వాళ్లను నేను తీసుకొస్తాను.

స్వర్ణముఖి_గట్టు:
అందరికీ థాంక్స్. శనివారం పొద్దున పిలిచినవాళ్లకు, మధ్యాహ్నం నుంచి అందరికీ అని మార్చుకుంటున్నాం. డిసెంబర్‌లో పెడితే చిత్ర సంతెకు అప్లై చేసిన పిల్లలకు ప్రాక్టీస్ కూడా అవుతుంది. ఉలి_తండ్రి గారూ, గుడి కమిటీల వాళ్లను పిలవడానికి మేమూ మీతో వస్తాం. ఫ్రేములకే ఖర్చు ఎక్కువ అవుతోంది, అదొక్కటే ఇంకా తేలలేదు.

పలమనేరు_మట్టి:
అన్నింటికీ ఫ్రేమ్ ఎందుకన్నా, కాగితం పనులకు ఫోమ్ బోర్డు మీద మౌంట్ చేస్తే సరిపోతుంది. బోర్డులు మా దగ్గర కొన్ని మిగిలి ఉన్నాయి, చెక్క ఈజిళ్లు కూడా ఉన్నాయి. ఎన్ని కావాలో, ఏ సైజో రాయండి, పలమనేరు నుంచి వచ్చే బస్సులో వేయిస్తాను.