తొమ్మిదేళ్లలో 8,000 కిలోమీటర్లే తిరిగిన బండి తీసుకోవచ్చా?

ప్రశ్న

అందరికీ నమస్కారం. సెకండ్ హ్యాండ్ బండి కోసం చూస్తున్నాను. వెతగ్గా వెతగ్గా రెండు మిగిలాయి. రెండూ 150 సీసీవే, రేటు కూడా ఇంచుమించు ఒకటే.

ఒకటి తొమ్మిదేళ్ల నాటిది, కార్బురేటర్ బండి. మీటరు మీద 8,000 కిలోమీటర్లే ఉన్నాయి. రంగు ఇంకా మెరుస్తూనే ఉంది. "మేం అసలు బయటికి తియ్యమండీ, ఎప్పుడో ఒకసారి" అన్నారు అమ్మేవాళ్లు. రెండోది ఐదేళ్లది, ఇంజెక్షన్ బండి, 38,000 తిరిగింది. ఓనరు రోజూ ఆఫీసుకి దాని మీదే వెళ్తారట. ట్యాంకు మీద గీతలున్నాయి, సీటు నలిగింది. సర్వీసు పుస్తకం మాత్రం జాగ్రత్తగా దాచారు.

ఇంట్లో అందరూ మొదటిదే తీసుకోమంటున్నారు. నాకేమో అంత తక్కువ తిరగడం మంచికా చెడుకా అన్నది తేలడం లేదు. అసలు ఏడాదికి ఎంత తిరిగితే మామూలు లెక్క?

జవాబు 1

షెడ్డు నడుపుతున్నాను కాబట్టి చేతికి తగిలినవే చెబుతాను తమ్ముడూ. తిరిగిన బండి అరుగుతుంది, నిలిచిన బండి కుళ్లుతుంది. అరిగిన సామాను ఏదో ఇట్టే తెలుస్తుంది, మార్చేస్తే సరిపోతుంది. నిలిచిన బండిలో ఏది ఎప్పుడు బయటపడుతుందో చెప్పలేం.

ముందు పెట్రోలు సంగతి. కార్బురేటర్లో, అంటే పెట్రోలూ గాలీ కలిపి ఇంజనుకి పంపే భాగంలో, నెలల తరబడి పెట్రోలు నిలిచిపోతే తేలికైన భాగం ఆవిరై జిగురు మిగులుతుంది. అన్నిటికంటే సన్న రంధ్రం పైలట్ జెట్‌ది (యాక్సిలరేటర్ తిప్పనప్పుడు పెట్రోలు అందించేది), అదే ముందు మూసుకుపోతుంది. బండి స్టార్టవుతుంది, చోక్ తీస్తే ఆగిపోతుంది. ఇథనాల్ కలిపిన పెట్రోలైతే గాల్లోని తేమను కూడా లాక్కుంటుంది. ట్యాంకు సగం ఖాళీగా ఉంటే లోపల పైభాగంలో తుప్పు పడుతుంది. మూత తీసి టార్చి వేసి చూడు. గోడలు ఎర్రగా కనబడితే ఆ తుప్పంతా కార్బురేటర్లోకి దిగుతూనే ఉంటుంది.

తర్వాత బ్రేకులు. బ్రేక్ ఆయిల్ తేమను పీల్చుకునే రకం. అందుకే బండి తిరిగినా తిరగకపోయినా రెండేళ్లకోసారి మార్చమంటారు. ఏళ్ల తరబడి మార్చకపోతే కాలిపర్‌లో, అంటే డిస్కును నొక్కి పట్టే భాగంలో, పిస్టన్ పట్టేస్తుంది. బండిని న్యూట్రల్‌లో పెట్టి తోసి, బ్రేకు పట్టి వదిలి, మళ్లీ తోసి చూడు. బరువుగా కదిలితే అనుమానించాల్సిందే. ముందు షాకుల గొట్టాల మీద చిన్న తుప్పు గుంటలు ఉన్నాయేమో గోటితో తడుము. ఆ గుంటలు సీలును కోసేస్తాయి, కొత్త సీలు వేసినా మళ్లీ ఆయిల్ కారుతుంది.

టైర్ల గుండీలు, అంటే పైన ఎత్తుగా ఉండే రబ్బరు ముక్కలు, చూసి మోసపోవద్దు. పక్క గోడ మీద నాలుగు అంకెలుంటాయి. 3218 అని ఉంటే 2018లో 32వ వారం తయారైందని. గుండీలు నిండుగా ఉన్నా రబ్బరు గట్టిపడితే తడి రోడ్డు మీద పట్టుండదు. ఐదేళ్లు దాటిన టైరును పగుళ్ల కోసం ఏటా పరీక్ష చేయించాలి, పదేళ్లయితే ఎంత బాగా కనబడినా తీసేయాలి. మొదటి బండికి అసలు టైర్లే ఉంటే వాటి ఖర్చు రేటులోంచి తగ్గించమని అడుగు.

జవాబు 2

ఏడాదికి ఎంత అన్నదానికి ఎవరికి వాళ్లు వేసుకునే లెక్కే అండీ. ఆఫీసు పది కిలోమీటర్ల దూరంలో ఉన్న మనిషి రానూపోనూ 20, ఏడాదికి 300 రోజులనుకుంటే 6,000. సెలవు రోజుల్లోనే తీసే మనిషి 50 చొప్పున నెలకు రెండుసార్లు తీసినా 1,200 దాటదు. మీ రెండో బండి ఏడాదికి 7,600, అంటే వారానికి దాదాపు 146. వారానికి ఆరు రోజులు తీస్తే రోజుకి 24. ఆఫీసుకి వెళ్తున్నామన్న మాటకు ఇది సరిగ్గా అతుకుతోంది. మొదటిది వారానికి 17.

అయితే ఈ సగటు ఒక్కటే పట్టుకోకండి. వారం వారం 17 తిరిగిన బండి వేరు, మొదటి ఏడాదే 8,000 తిరిగి ఆపైన ఎనిమిదేళ్లు గోడకు ఆనించిన బండి వేరు. సగటు మాత్రం రెండింటికీ ఒకటే. ఏది నిజమో తేదీలు చెబుతాయి. సర్వీసు బిల్లులు, ఇన్సూరెన్సు కాగితాలు, బ్యాటరీ మీది తేదీ, టైర్ల తేదీ వరసగా పేర్చి చూడండి. బిల్లు మీద మీటరు రీడింగు రాసి ఉంటే ఇంకా మంచిది. మధ్యలో మూడేళ్లు ఏ కాగితమూ లేకపోతే ఆ మూడేళ్లు బండి ఏం చేసిందో అడగాలి.

అడిగే తీరు కూడా ముఖ్యమే. "బాగా నడిపేవారా?" అంటే అందరూ ఒకే జవాబు చెబుతారు. "చివరిసారి పెట్రోలు ఎప్పుడు పోయించారు?", "పోయిన నెలలో ఎక్కడికెళ్లారు?", "ఫుల్ ట్యాంకు ఎన్నాళ్లొస్తుంది?" అని అడగండి. నడిపేవాళ్లు ఆలోచించకుండా చెప్పేస్తారు.

మీటరును కూడా గుడ్డిగా నమ్మొద్దు. 8,000 తిరిగిన బండికి ఫుట్‌రెస్ట్ రబ్బర్లు, గేర్ లివర్ రబ్బరు, బ్రేక్ పెడల్ అరిగి నున్నబడి ఉండకూడదు. డిస్కు మీద కనీస మందం ముద్రించి ఉంటుంది. ఉన్న మందం దానికి దగ్గరపడితే, తక్కువ తిరిగిందన్న మాట నిలవదు.

జవాబు 3

ఒక్క మాట. తక్కువ తిరిగిన బండ్లన్నీ చెడ్డవని తేల్చేయడం అన్యాయం. మంచు కురిసే చోట్ల ఏడాదిలో నాలుగైదు నెలలు ఎవరూ బండి తీయరు. జాగ్రత్త తెలిసినవాళ్లు ట్యాంకు నింపి, కార్బురేటర్లో పెట్రోలు ఖాళీ చేసి, బ్యాటరీని చార్జర్‌కి తగిలించి, పొడిచోట పెడతారు. అలాంటి బండి దొరికితే వదులుకోకూడదు. తిప్పకుండా ఉన్నన్నాళ్లూ ఏం చేశారో చెప్పగలిగితే చాలు, నమ్మొచ్చు. "కవరు కప్పాం" అన్నదొక్కటే జవాబైతే మాత్రం వద్దు.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. వారానికోసారి స్టార్ట్ చేసి రెండు నిమిషాలుంచి ఆపేస్తే బండి బాగుంటుందనుకుంటారు. ఇంజను పూర్తిగా వేడెక్కకపోతే లోపల పట్టిన నీటి చెమ్మ ఆవిరై పోదు, ఆయిల్లో కలుస్తుంది. సైలెన్సర్ కూడా లోపలినుంచి తుప్పు పడుతుంది. ఆయిల్ మూత తీసి కింది వైపు చూడండి, మీగడలాంటి తెల్లటి జిగురు ఉంటే ఇదే జరిగిందని.

జవాబు 4

అన్నా, రెండో బండికి కూడా పరీక్ష పెట్టండి, తిరిగిన బండి కదా అని వదిలేయొద్దు. వెనక చక్రం దగ్గర చైన్ పట్టుకుని వెనక్కి లాగితే పళ్ల నుంచి బాగా పైకి లేస్తోందంటే చైన్ సెట్ అయిపోయినట్టే. స్ప్రాకెట్ (చైన్ తిరిగే పళ్ల చక్రం) పళ్లు కొక్కేల్లా వంగాయేమో చూడండి. ముందు చక్రం గాల్లోకి లేపి హ్యాండిల్ మెల్లగా అటూ ఇటూ తిప్పండి. సరిగ్గా మధ్యలో ఎక్కడో పట్టినట్టు ఆగితే కోన్ సెట్, అంటే హ్యాండిల్ తిరిగే బేరింగు, పోయింది.

ఇంజను చల్లగా ఉన్నప్పుడే చూడాలి, ఇది తప్పనిసరి. వెళ్లగానే చెయ్యి దగ్గరగా పెట్టి చూడండి. మీరొచ్చేసరికే వేడిగా ఉంటే, చల్లారాక మళ్లీ వస్తానని చెప్పండి. చల్లటి స్టార్టింగ్‌లోనే లోపాలు బయటపడతాయి. నీలం పొగ ఆగకుండా వస్తుంటే ఆయిల్ కాలుతోంది. నల్లటి పొగైతే పెట్రోలు ఎక్కువ పోతోంది. మొదట్లో కాస్త తెల్లటి ఆవిరి వస్తే భయం లేదు.

మల్టీమీటరు ఉంటే పట్టుకెళ్లండి. ఆపి ఉన్నప్పుడు బ్యాటరీ 12.6 వోల్టులకు అటూ ఇటూ, ఇంజను కాస్త రేజు చేస్తే 13.5 నుంచి 14.5 మధ్య చూపించాలి.

ప్రశ్న అడిగిన సభ్యుడు

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. రెండూ మళ్లీ చూసొచ్చాను.

మొదటి బండి టైర్లు బండితో వచ్చినవే, పక్క గోడల మీద పగుళ్లు. ట్యాంకు లోపల ఎరుపు. చివరి సర్వీసు బిల్లు అడిగితే చూపించలేదు. పెట్రోలు ఎప్పుడు పోయించారంటే ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. బ్యాటరీ మాత్రం కొత్తది.

రెండోది చల్లగా ఉండగానే సెల్ఫ్‌కి వెంటనే అందుకుంది. పొగ లేదు. 24,000 దగ్గర చైన్ సెట్, అంతకుముందే బ్రేక్ ప్యాడ్లు మార్చినట్టు పుస్తకంలో ఉంది. హ్యాండిల్ మాత్రం మధ్యలో పడుతోంది. నేను వారానికి మూడు నాలుగు రోజులు నడుపుతాను, మిగతా రోజులు బస్సే. అది సరిపోతుందా?

జవాబు 1

ధారాళంగా సరిపోతుంది తమ్ముడూ. వెళ్లిన ప్రతిసారీ ఓ 20 నిమిషాలు ఆగకుండా నడిస్తే ఇంజను బాగా వేడెక్కుతుంది, బ్యాటరీ కూడా నిండుతుంది. రెండోదే తీసుకో. డబ్బు ఇచ్చే ముందు చాసిస్ నంబరు, ఇంజను నంబరు బండి మీద చూసి కాగితాలతో అంకె అంకె పోల్చు. చెక్కినట్టో రుద్దినట్టో అనిపిస్తే అక్కణ్నుంచి వచ్చేయ్. బండి మీద అప్పు మిగిలుందేమో, ఉంటే తీరినట్టు కాగితం ఉందేమో అడుగు.

ఇంటికి తెచ్చాక ఇంజన్ ఆయిల్, ఫిల్టరు, బ్రేక్ ఆయిల్ ఆ వారంలోనే మార్చేయ్. పాతవి ఎప్పుడు మార్చారన్న లెక్క పెట్టుకోకు, ఆ రోజు మీటరు రీడింగు రాసుకుని అక్కణ్నుంచి నీ లెక్క మొదలుపెట్టు. ఆయిల్ మార్చడానికి కంపెనీ పుస్తకంలో కిలోమీటర్లూ నెలలూ రెండూ ఉంటాయి, ఏది ముందొస్తే అది. నువ్వు తక్కువ తిప్పుతావు కాబట్టి నీకు నెలలే ముందొస్తాయి.

కోన్ సెట్ ఖర్చు ఎంతవుతుందో కనుక్కుని అంత తగ్గించమను, ఇస్తారు. వేయించేటప్పుడు బేరింగు గోళీలు మాత్రమే మార్చి సరిపెట్టనివ్వొద్దు. గోళీలు తిరిగే పైనా కిందా గిన్నెలు కూడా కలిపి మొత్తం సెట్టే మార్చమను. గుంట పడేది గిన్నెలోనే. వేశాక ఓ 500 కిలోమీటర్లు తిరిగి మళ్లీ తీసుకెళ్లి బిగింపు చూపించుకో, కొత్త సెట్టు కుదురుకున్నాక కాస్త వదులవుతుంది.