ఎర్ర మందారం ఫోటోలో పూరేకుల మీద ఈనెలే కనిపించడం లేదు

పూలబాట:
బొటానికల్ గార్డెన్‌లో తీసిన ఎర్ర మందారాలన్నీ రంగు ముద్దలా వస్తున్నాయి, ఈనెలు పోతున్నాయి. హిస్టోగ్రామ్‌ (చీకటిని ఎడమవైపు, వెలుగును కుడివైపు చూపే గ్రాఫ్) చూస్తే కుడివైపు ఖాళీగానే ఉంది. 100 ఎంఎం మాక్రో లెన్స్, అపర్చర్ ఎఫ్/2.8, షట్టర్ 1/100 సెకను, ఐఎస్ఓ 400, జేపెగ్. ఫోకస్ కూడా కేసరాల కొసన మాత్రమే ఉంటోంది. ఇంకొకటి, ఆర్కిడ్ల గాజుగదిలోకి వెళ్లగానే లెన్స్ మసకబారుతోంది. ట్రైపాడ్‌కు అక్కడ అనుమతి లేదు.

వెలుగునీడ:
మీరు చూసింది తెల్లటి హిస్టోగ్రామ్ అయి ఉంటుంది. అందులో ఆకుపచ్చ లెక్కే ఎక్కువ. మందారం నుంచి వచ్చేది దాదాపు అంతా ఎరుపే కాబట్టి, ఎరుపు చానెల్ నిండిపోయినా ఆ గ్రాఫ్‌లో తెలియదు. ఆర్‌జీబీ హిస్టోగ్రామ్ (ఎరుపు, ఆకుపచ్చ, నీలం విడివిడిగా చూపేది) పెట్టుకుని, ఎరుపు గీత కుడి గోడను తాకనంత వరకు ఎక్స్‌పోజర్ తగ్గించండి. ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ మైనస్ 0.7తో మొదలుపెట్టండి, ఎండలో మైనస్ 1 దాకా పోవచ్చు. పిక్చర్ ప్రొఫైల్ (కెమెరాలోని రంగుల సెట్టింగ్) వివిడ్‌లో ఉంటే న్యూట్రల్‌కు మార్చండి. రా ఫైల్ (సెన్సర్ నుంచి వచ్చిన ముడి డేటా) తప్పనిసరి. రాలో ఈనెలు ఉండి, జేపెగ్‌గా మార్చాక పోతుంటే మాత్రం వెలుగు తగ్గించి లాభం లేదు, ఎడిటింగ్‌లో ఎరుపు సాచురేషన్ (రంగు గాఢత) 10, 15 పాయింట్లు దించాలి. తెల్ల పూలకు ఇదంతా తిరగబడుతుంది: కెమెరా వాటిని బూడిద రంగులోకి లాగుతుంది, ప్లస్ 0.7 ఇవ్వాలి.

కేసరం:
ఫోకస్ సంగతి. మందారం కేసరనాళం రేకుల నుంచి బాగా ముందుకు పొడుచుకొస్తుంది. ఎదురుగా తీస్తే కొసన ఉన్న అయిదు ఎర్ర చుక్కలు, వెనకున్న రేకులు రెండూ ఒకేసారి స్పష్టంగా రావడం అసాధ్యం. పక్కకు జరిగి, నాళం సెన్సర్‌కు సమాంతరంగా ఉండేలా నిలబడండి. ఫుల్‌ఫ్రేమ్‌లో పువ్వు సెన్సర్ మీద అసలు సైజులో సగంగా పడేంత దగ్గర నుంచి తీస్తే, ఎఫ్/8కి సుమారు 3 మిల్లీమీటర్ల లోతు దాకా స్పష్టత దొరుకుతుంది. మీ ఎఫ్/2.8కి ఒక్క మిల్లీమీటరే. అలాగని ఎఫ్/22కు పోకండి, డిఫ్రాక్షన్‌తో (సన్నని రంధ్రం గుండా పోయే వెలుగు చెదరడంతో) మొత్తం బొమ్మే మెత్తబడుతుంది.

1/100 చాలదు, పువ్వు గాలికి ఊగుతుంది. 1/320 పెట్టి, ఎఫ్/8 కూడా కాబట్టి ఐఎస్ఓను 6400 దాకా పోనివ్వండి. ట్రైపాడ్ లేనప్పుడు మాన్యువల్ ఫోకస్‌లో దూరం స్థిరంగా ఉంచి, ఒళ్లు కొద్దిగా ముందుకూ వెనక్కూ కదుపుతూ నాలుగైదు షాట్లు వరసగా తీయండి. ఒకటైనా పడుతుంది. కొమ్మను వంచడం, మడిలో కాలు పెట్టడం మాత్రం వద్దు.

తడిగాజు:
గాజుగది గాలిలో తేమ ఎక్కువ. చల్లగా ఉన్న లెన్స్ తగిలితే ఆ తేమ నీరై కూర్చుంటుంది. ఏసీ గదిలోంచో కారులోంచో నేరుగా వెళ్తే ఇదే జరుగుతుంది. కెమెరాను జిప్ కవర్‌లో మూసి లోపలికి తీసుకెళ్లండి. 20, 30 నిమిషాలు కవర్‌లోనే వేడెక్కనిచ్చి, అప్పుడు బయటకు తీయండి. తుడిచినా గాజు చల్లగానే ఉంటుంది కాబట్టి మళ్లీ పడుతుంది. అక్కడ లెన్స్ మార్చవద్దు, తేమ సెన్సర్ దాకా పోతుంది.

పూలబాట:
నిజమే, వివిడ్‌లోనే ఉంది. నిగనిగలాడే ఆకులకు పోలరైజర్ (మెరుపు తగ్గించే ఫిల్టర్) వాడొచ్చా?

వెలుగునీడ:
వాడొచ్చు, ఆకుల మీది తెల్ల మెరుపు తగ్గి అసలు పచ్చదనం బయటపడుతుంది. కాకపోతే ఒకటిన్నర స్టాప్ దాకా (ఒక స్టాప్ అంటే వెలుగు సగం కావడం) వెలుగు తినేస్తుంది. గాలి ఉన్న రోజు వేగమైన షట్టర్ కావాలి కాబట్టి ఫిల్టర్‌ను తీసేయండి.