స్క్రీన్ చీకటి, టార్చ్ వేస్తే మాత్రం బొమ్మ కనిపిస్తోంది: ప్యానెల్ మార్చక తప్పదా?

ప్రశ్న

అందరికీ నమస్కారం. నా ల్యాప్‌టాప్ కొని ఆరేళ్లయింది. మూడు వారాలుగా పని చేసుకుంటూ ఉండగానే స్క్రీన్ ఉన్నట్టుండి నల్లబడేది. మూతను కాస్త ముందుకో వెనక్కో కదిపితే మళ్లీ వెలిగేది కాబట్టి అప్పట్లో పట్టించుకోలేదు. మొన్న రాత్రి నుంచి మాత్రం పూర్తిగా చీకటే. పవర్ బటన్ నొక్కితే ఫ్యాన్ తిరుగుతోంది, కీబోర్డు దీపాలు వెలుగుతున్నాయి, అంచనాగా పాస్‌వర్డ్ కొడితే విండోస్ లోపలికి వెళుతోంది. హెచ్‌డీఎమ్‌ఐ కేబుల్‌తో వేరే మానిటర్‌కు కలిపితే బొమ్మ ఏ లోపమూ లేకుండా వస్తోంది.

గదిలో దీపాలు ఆర్పేసి, ఫోన్ టార్చ్‌ను స్క్రీన్‌కు దగ్గరగా, ఏటవాలుగా పట్టి చూశాను. రీసైకిల్ బిన్ బొమ్మా, కింది మూలన గడియారం అంకెలూ పొగలోంచి చూస్తున్నట్టు లీలగా కనిపించాయి. ఇంకొక సంగతి: మూతను నెమ్మదిగా మూస్తూ పోతే, దాదాపు సగం మూసిన దగ్గర రెండు మూడు సెకన్లు వెలుగు వచ్చి ఆరిపోతోంది.

ఒక మరమ్మతు దుకాణంలో చూపిస్తే, యంత్రాన్ని తెరవకుండానే ప్యానెల్ పోయింది, కొత్తది వేయాలి అన్నారు. ఆ మాట నిజమే కావచ్చు, కానీ లోపం ఎక్కడుందో తెలియకుండా అంత ఖరీదైన భాగం మార్చడానికి మనసొప్పడం లేదు. నా దగ్గర మల్టీమీటర్ ఉంది, చిన్న స్క్రూలు విప్పడం అలవాటే, కానీ ల్యాప్‌టాప్‌ను మాత్రం ఇంతవరకు తెరవలేదు. ఏ క్రమంలో పరీక్షించాలో చెప్పగలరా?

మొదటి సమాధానం

మీరు చేసిన టార్చ్ పరీక్షలోనే సగం జవాబు ఉందండీ. ఎల్‌సీడీ ప్యానెల్‌లో బొమ్మ ఒక దారిన వస్తుంది, వెలుగు ఇంకో దారిన వస్తుంది. బొమ్మను గీసే ద్రవ స్ఫటికాలకు స్వయంగా వెలుగు ఉండదు. అవి కిటికీ పరదాల వంటివి, వెనక నుంచి వచ్చే కాంతిని ఎంతమేరకు ముందుకు వదలాలో నిర్ణయించడమే వాటి పని. ఆ కాంతిని ఇచ్చేది ప్యానెల్ కింది అంచున వరుసగా అతికించిన చిన్న ఎల్‌ఈడీల పట్టీ, దీన్నే బ్యాక్‌లైట్ అంటారు. మీరు వేసిన టార్చ్ వెలుతురు ప్యానెల్‌లోంచి లోపలికి పోయి, వెనకనున్న తెల్లని పొర మీద పడి తిరిగి వచ్చింది కాబట్టే గడియారం అంకెలు కనిపించాయి. అంటే గ్రాఫిక్స్ చిప్, బొమ్మను మోసే తీగలు, ద్రవ స్ఫటికాల పొర, ఇవన్నీ బాగానే ఉన్నాయి. పోయింది వెలుగు ఒక్కటే. (ఇక్కడ ఒక మాట: ఓఎల్‌ఈడీ స్క్రీన్లలో ప్రతి చుక్కా తనంతట తానే వెలుగుతుంది, వాటికి బ్యాక్‌లైట్ ఉండదు కాబట్టి ఈ పరీక్ష వాటికి వర్తించదు.)

అయితే వెలుగు పోయినంత మాత్రాన పట్టీయే కాలిపోయిందని చెప్పలేం. మదర్‌బోర్డు నుంచి ఆ పట్టీ దాకా ఒక గొలుసు ఉంది. బోర్డు మీద ఒక సన్నని ఫ్యూజ్, అక్కడి నుంచి మూత కీలులోంచి పైకి వెళ్లే కేబుల్, ప్యానెల్ వెనక అడుగున ఉండే పొడుగాటి బోర్డు, దాని మీద పట్టీకి తగిన విద్యుత్తునిచ్చే ఎల్‌ఈడీ డ్రైవర్ చిప్, చివరగా పట్టీ. ఇందులో ఏ కొక్కెం ఊడినా మీకు కనిపించేది ఇదే చీకటి. మూత కోణాన్ని బట్టి వెలుగు వచ్చిపోతోందని మీరే రాశారు. ఎల్‌ఈడీ పట్టీ కాలిపోతే మూతను ఎటు వంచినా తేడా ఉండదు కనుక, నాకు కేబుల్ మీదే గట్టి అనుమానం. ముందుగా యంత్రాన్ని ఆపి, తిరిగి ఆన్ చేస్తూనే బయోస్ తెరలోకి వెళ్లి చూడండి. విండోస్ ఇంకా మొదలుకాని ఆ దశలో కూడా చీకటే అయితే విండోస్‌లోని సాఫ్ట్‌వేర్ డ్రైవర్ల మీదా, సెట్టింగుల మీదా సమయం వృథా చేయనక్కర్లేదు.

రెండో సమాధానం

పైన రాసినవారితో ఏకీభవిస్తాను, కానీ యంత్రాన్ని విప్పే ముందు ఒక్క అనుమానాన్ని తప్పకుండా తీర్చుకోవాలి. కోణాన్ని బట్టి వెలుగు మారడానికి కేబుల్ ఒక్కటే కారణం కాదు. మూత మూసుకుందో లేదో కనిపెట్టడానికి చాలా ల్యాప్‌టాప్‌లలో ఒక చిన్న అయస్కాంతం, దానికి ఎదురుగా ఆ అయస్కాంతాన్ని పసిగట్టే ఒక హాల్ సెన్సర్ ఉంటాయి. పాత వాటిలో కీలు దగ్గర నొక్కుడు బటన్ ఉండేది. ఆ సెన్సర్ చెడినా, దాని పక్కకు వేరే అయస్కాంతం వచ్చినా మూత మూసి ఉందనే యంత్రం అనుకుంటుంది. కొన్ని మదర్‌బోర్డులలో సెన్సర్ తీగ నేరుగా బ్యాక్‌లైట్‌ను ఆపేలా కలిపి ఉంటుంది, అప్పుడు బొమ్మ ఉండగానే వెలుగు మాత్రం పోతుంది, అంటే టార్చ్ వేస్తే మీకు కనిపించినట్టే కనిపిస్తుంది. అయస్కాంతపు మూత ఉన్న ఫోన్ కవరును కీబోర్డు పక్కన పెట్టుకోవడం, ఒక ల్యాప్‌టాప్ మీద ఇంకొకటి పెట్టి వాడడం కూడా ఇందుకు చాలు.

ఈ రెండింటినీ వేరు చేయడం కష్టం కాదు. బయటి మానిటర్‌లో చూస్తూ పవర్ సెట్టింగులలో మూత మూస్తే యంత్రం నిద్రలోకి వెళ్లేలా మార్చి, తర్వాత ఆ మానిటర్‌ను తీసేసి మూతను నెమ్మదిగా కదపండి. వెలుగు పోయిన క్షణంలోనే యంత్రం కూడా నిద్రపోతే తప్పు సెన్సర్‌ది. యంత్రం మెలకువగానే ఉండి వెలుగు ఒక్కటే పోతే సెన్సర్‌ను చాలావరకు పక్కన పెట్టవచ్చు. ఇంకో పరీక్ష కూడా ఉంది. వెలుగు వచ్చిన కోణంలో మూతను అలాగే నిలిపి ఉంచి, కీలు దగ్గరి ప్లాస్టిక్ అంచును బొటనవేలితో మెల్లగా నొక్కండి. కోణం మారకుండానే వెలుగు మినుకుమంటే అక్కడి తీగలకే ఆ ఒత్తిడి తగులుతోందన్నమాట.

స్క్రీన్ పూర్తిగా చీకటి కాకుండా కేవలం మసకగా ఉందని ఇక్కడికి వచ్చేవారి కోసం కూడా రెండు మాటలు రాస్తాను, ఎందుకంటే ఆ రెండిటి దారులూ వేరు. స్క్రీన్ అంతటా ఒకే తీరుగా మసక ఉంటే బ్యాటరీ సేవర్‌ను, గది వెలుతురును బట్టి కాంతిని తనంతట తాను తగ్గించే ఆటోమేటిక్ సర్దుబాటును ముందు చూడాలి. బ్రైట్‌నెస్ జరిపే పట్టీయే కనిపించకపోతే డివైస్ మేనేజర్‌లో మైక్రోసాఫ్ట్ బేసిక్ డిస్‌ప్లే అడాప్టర్ అని ఉందేమో చూడండి, ఉంటే అసలు గ్రాఫిక్స్ డ్రైవర్ లేదని అర్థం. అలా కాకుండా కింది అంచున కొంతమేర మాత్రమే నీడ పడి, మిగతా చోట వెలుగు మామూలుగా ఉంటే, ఎల్‌ఈడీలను కలిపిన వరుసలలో ఒకటి ఆరిపోయిందని అర్థం. అది నిజంగా ప్యానెల్ లోపమే. బాగా పాత యంత్రాలలో ఎల్‌ఈడీల బదులు సన్నని ఫ్లోరోసెంట్ గొట్టం, దానికి ఇన్వర్టర్ బోర్డు ఉండేవి. ఆన్ చేయగానే గులాబీ రంగు ఛాయతో వెలిగి, కొన్ని సెకన్లకు ఆరిపోవడం ఆ గొట్టం అవసాన దశకు గుర్తు. ఆ ఇన్వర్టర్ వందల వోల్టులను పుట్టిస్తుంది కాబట్టి నడుస్తుండగా దాన్ని ముట్టుకోకూడదు.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. బయోస్ తెర కూడా చీకటే, టార్చ్ వేస్తే అక్కడి అక్షరాలు కూడా అలాగే లీలగా ఉన్నాయి. నిద్ర పరీక్ష నాలుగుసార్లు చేశాను. వెలుగు పోయినా యంత్రం మెలకువగానే ఉంది, పూర్తిగా మూసినప్పుడే నిద్రపోయింది. ఎడమ కీలు పక్కన అంచును నొక్కితే వెలుగు ఒక్కసారి మినుకుమంది, కుడివైపు ఎంత నొక్కినా ఏమీ లేదు. తర్వాతి అడుగు విప్పడమేనా?

మూడో సమాధానం

విప్పడమే, కానీ స్క్రూడ్రైవర్ పట్టే ముందు ఇది చదవండి. నేను నేర్చుకుంటున్న రోజుల్లో ఒక ల్యాప్‌టాప్ స్క్రీన్ కేబుల్‌ను బ్యాటరీ తీయకుండానే ఊడదీసి మళ్లీ గుచ్చాను. యంత్రం ఆఫ్‌లోనే ఉంది కదా అనుకున్నాను. కనెక్టర్ వెంట్రుకవాసి వంకరగా కూర్చుంది, అంతే, బోర్డు మీది బ్యాక్‌లైట్ ఫ్యూజ్ ఎగిరిపోయింది. మొదట ఉన్న చిన్న లోపం అలాగే ఉండగా, నా చేతులారా ఇంకొకటి చేర్చాను. ఇలా జరగడానికి కారణం ఆ కనెక్టర్ అమరికలోనే ఉంది. బ్యాక్‌లైట్‌కు వెళ్లే విద్యుత్తు తరచుగా బ్యాటరీ లేదా అడాప్టర్ నుంచి వచ్చేదే, 19 వోల్టుల వరకు ఉండవచ్చు. దాని పక్కన అర మిల్లీమీటరు ఎడంలో 3.3 వోల్టుల తీగలు, అంతకంటే సున్నితమైన బొమ్మ తీగలు ఉంటాయి. అందుచేత అడాప్టర్ తీసి, అడుగు మూత విప్పగానే మొట్టమొదట బ్యాటరీ కనెక్టర్ ఊడదీయండి, ఆపై పవర్ బటన్‌ను అరనిమిషం నొక్కి ఉంచి మిగిలిన విద్యుత్తు పోనివ్వండి. అప్పటివరకు స్క్రీన్ కేబుల్ జోలికి వెళ్లవద్దు.

తర్వాత కేబుల్‌ను రెండు చివరలా చూడండి. కనెక్టర్ తిన్నగా కూర్చుందా, దాని మీది టేపు ఊడిందా, కీలులో మెలి తిరిగిన చోట నల్లని పూత చిట్లి రాగి మెరుస్తోందా గమనించండి. ఇప్పుడు కేబుల్‌ను పూర్తిగా బయటికి తీసి, మల్టీమీటర్‌ను బీప్ మోడ్‌లో పెట్టి ఒక్కొక్క తీగను ఈ చివర నుంచి ఆ చివరకు పరీక్షించండి, బీప్ వస్తే ఆ తీగ తెగలేదని అర్థం. యంత్రాన్ని ఆన్‌లో ఉంచి కనెక్టర్ పిన్నుల మీద వోల్టేజీ కొలవమని కొందరు చెబుతారు. మొదటిసారి తెరుస్తున్నవారు అలా చేయవద్దని నా గట్టి సలహా, ప్రోబు కొన జారి రెండు పిన్నులను కలిపితే బోర్డుకే ప్రమాదం.

మీది ఆరేళ్ల నాటిది కనుక 30 పిన్నుల ఈడీపీ (బోర్డు నుంచి ప్యానెల్‌కు బొమ్మను పంపే పద్ధతి) కనెక్టర్ ఉండే అవకాశం ఎక్కువ. వాటిలో సాధారణంగా 26 నుంచి 29 వరకు ఉన్న నాలుగు పిన్నులు బ్యాక్‌లైట్‌కు విద్యుత్తునిస్తాయి, 22వది వెలగమని ఆజ్ఞ ఇస్తుంది, 23వది ఎంత కాంతితో వెలగాలో చెబుతుంది. ఇక్కడే అసలు కిటుకు ఉంది. విద్యుత్తుకు నాలుగు తీగలున్నాయి కాబట్టి ఒకటి తెగినా మిగతావి నెట్టుకొస్తాయి. ఆజ్ఞ తీగ మాత్రం ఒంటరిది, వెంట్రుకంత సన్నం. అది తెగితే విద్యుత్తు అంతా ప్యానెల్ గుమ్మం దాకా వచ్చి ఆగిపోతుంది. కాబట్టి ఆ ఒక్క తీగను పరీక్షించేటప్పుడు కేబుల్‌ను కీలులో వంగే తీరునే వంచుతూ, చాస్తూ చూడండి. బల్ల మీద తిన్నగా పడి ఉన్న కేబుల్ అన్ని తీగలలోనూ బీప్ ఇచ్చి మిమ్మల్ని తప్పుదోవ పట్టించగలదు.

కేబుల్ బాగుంటే అప్పుడు ఫ్యూజ్ చూడాలి. స్క్రీన్ కనెక్టర్ దగ్గరలోనే, బియ్యపు గింజలో సగం కూడా లేని ముక్క అది. బ్యాటరీ తీసి ఉండగా దాని రెండు వైపులా కొలిస్తే దాదాపు సున్నా ఓములు రావాలి. తెగి ఉంటే దాని మీదుగా తీగ ముక్క అతికించి దాటవేయకండి. ఫ్యూజ్ ఊరికే పోదు, దాని తర్వాత ఎక్కడో షార్ట్ ఉండి ఉంటుంది, దాన్ని వెతికాకే కొత్తది వేయాలి. ప్యానెల్ అడుగు బోర్డు మీద కూడా చాలాసార్లు ఇలాంటి ఫ్యూజ్ ఇంకొకటి ఉంటుంది, అందరూ దాన్ని మరిచిపోతారు. ఈ రెండు ఫ్యూజులూ, కేబులూ బాగుండి కూడా వెలుగు రాకపోతే అప్పుడు అనుమానం ప్యానెల్‌లోని ఎల్‌ఈడీ డ్రైవర్ మీదికో, పట్టీ మీదికో వెళుతుంది. పట్టీని విడిగా మార్చాలంటే ప్యానెల్ పొరలన్నీ విప్పాలి, ఒక్క ధూళి కణం లోపల పడినా జీవితాంతం కనిపిస్తూనే ఉంటుంది. ఆ స్థితిలో ప్యానెల్ మొత్తం మార్చమనే నేనూ చెబుతాను.

ప్రశ్న అడిగినవారు

ఆదివారం పొద్దుటంతా దీని మీదే కూర్చున్నాను. కేబుల్‌కు ఎడమ కీలు దగ్గర చుట్టిన నల్లని గుడ్డ టేపు ఒకచోట అరిగి నునుపుగా మెరుస్తోంది, లోపలి తీగలు అక్కడ పదునుగా మడత పడ్డాయి. 26 నుంచి 29 దాకా నాలుగూ బీప్ ఇచ్చాయి, 23 కూడా ఇచ్చింది. 22వది తిన్నగా ఉంచినప్పుడు బీప్ ఇచ్చింది. మీరు చెప్పినట్టు వంచగానే శబ్దం తెగిపోయింది, మరికాస్త వంచితే మళ్లీ వచ్చింది. మూత సగం మూసినప్పుడు వెలుగు ఎందుకు వచ్చేదో అప్పుడు అర్థమైంది. బోర్డు మీది ఫ్యూజ్ 0.2 ఓములు చూపింది.

కేబుల్ మీద అతికించిన చీటీలోని పార్ట్ నంబరు చూసి అదే నంబరుది తెప్పించాను, నిన్న వచ్చింది. బ్యాటరీ తీసే బిగించాను. మూత ఎంత వంచినా, కీలు దగ్గర ఎంత నొక్కినా వెలుగు కదలడం లేదు. అందరికీ మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు.

మూడో సమాధానం ఇచ్చినవారు

చాలా సంతోషం. అడుగు మూత పూర్తిగా బిగించే ముందు ఒక్కటి చూడండి. కీలు పక్కన కేబుల్ కూర్చోవడానికి ప్లాస్టిక్‌లో ఒక గాడి, దాని మీద ఒకటి రెండు కొక్కేలు ఉంటాయి. కేబుల్ వాటి కింద నుంచే పోవాలి, మూత పూర్తిగా తెరిచినప్పుడు కూడా కీలు దగ్గర బిగుసుకోకుండా కాస్త వదులు మిగలాలి. పాతది పదునుగా మడత పడిందని రాశారు కాబట్టి ఇంతకుముందు ఆ కొక్కేల్లో ఒకటి విరిగి ఉండవచ్చు. విరిగి ఉంటే చిన్న కాప్టన్ టేపు (విద్యుత్తును పారనివ్వని పలుచని టేపు) ముక్కతో కేబుల్‌ను గాడిలోనే నిలిపి ఉంచండి.