బీఫార్మసీ చేసి ఎమ్మెస్‌కి వచ్చాను, ఇక్కడ ఫార్మసిస్ట్ అవ్వొచ్చా?

కొత్త విద్యార్థిని, క్వీన్స్, న్యూయార్క్

అందరికీ నమస్కారం. గుంటూరు దగ్గర నాలుగేళ్ల బీఫార్మసీ పూర్తిచేసి, ఫార్మాస్యూటికల్ సైన్సెస్‌లో ఎమ్మెస్‌కి ఈ నెలే వచ్చాను. చదువుకుంటూనే ఎఫ్‌పీజీఈఈ (బయటి దేశాల్లో ఫార్మసీ చదివినవాళ్లకి ఇక్కడ పెట్టే అర్హత పరీక్ష) రాసి ఫార్మసిస్ట్ లైసెన్సు తెచ్చుకోవాలని ఇంట్లో అందరి ఆశ. ఎప్పటినుంచి చదవడం మొదలుపెట్టాలి, ఏ పుస్తకాలు మంచివి? దయచేసి చెప్పగలరు.

ఫార్ములేషన్ పాత కాపు, ఎడిసన్

చెల్లీ, పుస్తకాల సంగతి తర్వాత. ముందు అర్హత చూసుకో. ఆ పరీక్ష పెట్టేది నేషనల్ అసోసియేషన్ ఆఫ్ బోర్డ్స్ ఆఫ్ ఫార్మసీ. 2003 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ డిగ్రీ పొందినవాళ్లు కనీసం ఐదేళ్ల ఫార్మసీ కోర్సు చదివి ఉండాలన్నది వాళ్ల నిబంధన. మన బీఫార్మసీ నాలుగేళ్లే. పైన ఎమ్మెస్ రెండేళ్లు కలిపితే ఆరు అవుతుందని చాలామంది లెక్కేస్తారు. ఆ లెక్క చెల్లదు, ఫార్మసీలో తొలి డిగ్రీయే ఐదేళ్లది కావాలి. మన దగ్గర 2008లో మొదలైన ఆరేళ్ల ఫార్మ్‌డీ (డాక్టర్ ఆఫ్ ఫార్మసీ) వాళ్లకి ఈ గొడవ లేదు. నీకు కౌంటర్ వెనక తెల్లకోటే కావాలంటే ఇక్కడి కాలేజీలో ఫార్మ్‌డీ చదవాలి. అది మరో నాలుగేళ్లు, ఫీజులు మామూలుగా ఉండవు.

ఈ మాట నీకు ఇప్పుడే చెప్పడం మంచిదనిపించింది. కోచింగ్‌కి డబ్బు కట్టాక తెలుసుకుని ఏడ్చిన పిల్లల్ని చూశాను.

నీకు తెరిచి ఉన్నది ఇండస్ట్రీ, అంటే మందుల కంపెనీలు. ఈ రోజే నీ ఐ-20 (వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చిన ఫారం) తీసి, కోర్సు పేరు పక్కనున్న సీఐపీ కోడ్ (కోర్సు ఏ కోవలోదో చెప్పే అంకె) చూడు. ఫార్మాస్యూటికల్ సైన్సెస్ 51.2010 అయితే స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, లెక్కలు) జాబితాలో ఉన్నట్టే. చదువయ్యాక ఉద్యోగం చేసుకోనిచ్చే ఏడాది ఓపీటీ అయ్యాక ఇంకో 24 నెలలు దొరుకుతుంది. కోర్సు పేరు చూసి మోసపోవద్దు, ఒకే రకం కోర్సుకి ఒక్కో యూనివర్సిటీ ఒక్కో కోడ్ వేస్తుంది.

రిటైల్ ఫార్మసిస్ట్, డాలస్

నేను 2001లో బీఫార్మసీ ముగించినవాణ్ణి కాబట్టి పాత నిబంధన కింద ఎఫ్‌పీజీఈఈ రాశాను. తర్వాత ఇంటర్న్ గంటలు (రాష్ట్రాన్ని బట్టి, చాలాచోట్ల 1,500), ఆపైన నాప్లెక్స్ (దేశమంతటికీ ఒకటే ఉండే ఫార్మసిస్ట్ లైసెన్సు పరీక్ష), రాష్ట్ర చట్టం మీద ఇంకో పరీక్ష. ఇవేవీ నన్ను అంత బాధపెట్టలేదు. కాగితాలే చంపేశాయి. నీకు లైసెన్సు దారి లేకపోయినా ఇది విను, రేపు హెచ్‌1బీకి, గ్రీన్‌కార్డుకి నీ డిగ్రీ ఇక్కడి ఏ డిగ్రీకి సమానమో చూపించమంటే ఇదే తంతు.

మార్కుల ట్రాన్‌స్క్రిప్ట్ యూనివర్సిటీ నుంచే సీల్ చేసిన కవర్లో రావాలి. కవరు అంటించిన చోట సంతకం, ముద్ర ఉండాలి. నాన్నగారు డీడీ తీసి దరఖాస్తు పెట్టారు. పరీక్షల విభాగం వాళ్లు కవరుకి జిగురు రాసి పంపేశారు, మూత మీద ముద్ర లేదు. ఇక్కడ తిప్పికొట్టారు. నాన్నగారు మళ్లీ వెళ్తే ఆ సీటాయన సెలవు, బీరువా తాళం ఆయన దగ్గరే ఉందట. ఆయన వచ్చాక ముద్ర పడింది గానీ ఈసారి పేరులో తేడా. పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా ఉంది, మార్కుల లిస్టులో ఒక్క పొడి అక్షరమే. "పదో తరగతి సర్టిఫికెట్లో ఎలా ఉందో అలాగే ఇస్తాం" అన్నారు. సరే, అది వాళ్ల రూలు. ఆ రెండు పేర్లూ ఒకే మనిషివని ఒక ఉత్తరం ఇవ్వండయ్యా అంటే, అలాంటి ఫార్మాట్ మా దగ్గర లేదు పొమ్మన్నారు. అరవై దాటిన మనిషి, బయట వరండాలో కూర్చుని సాయంత్రం దాకా ఎవరైనా పిలుస్తారేమోనని చూసి ఇంటికొచ్చారు. చివరికి నోటరీ అఫిడవిట్‌తో పని జరిగింది. అప్పటికి ఆ విడత పరీక్ష గడువు దాటిపోయింది. ఇన్నేళ్లయినా ఆ విషయం గుర్తొస్తే నాకు కోపమే.

అందుకని అమ్మా, మీవాళ్లు ఇబ్బంది పడకుండా ఇప్పుడే నాలుగైదు సీల్డ్ కవర్లు తెప్పించుకుని దాచుకో. ఎవరు అడిగినా విప్పకు. పేరులో తేడా ఉంటే అఫిడవిట్ కూడా ఇప్పుడే చేయించు.

క్వీన్స్‌లో పాతికేళ్లుగా

అమ్మాయి అడగలేదు కానీ చెప్తున్నా. న్యూయార్క్‌లో ఇంటి ఓనరు ఒక నెల అద్దె కంటే ఎక్కువ అడ్వాన్సు అడగకూడదు. ఖాళీ చేశాక 14 రోజుల్లోపు తిరిగివ్వాలి, ఏమైనా పట్టుకుంటే దేనికెంతో కాగితం మీద రాసివ్వాలి. దిగే రోజునే గది ఫొటోలు తీసిపెట్టుకో.

రెగ్యులేటరీ అఫైర్స్, ప్లెయిన్స్‌బరో

ఎడిసన్ అన్నగారు ఇండస్ట్రీ అని ఊరుకున్నారు. ఇండస్ట్రీలో ఏం చేయాలో కూడా చెప్పాలి కదా. నన్నడిగితే రెగ్యులేటరీ, అంటే మందుకి ప్రభుత్వ అనుమతి తెచ్చే పని. 1984 హ్యాచ్-వ్యాక్స్‌మన్ చట్టం తర్వాత జెనరిక్ కంపెనీల బతుకంతా ఏఎన్‌డీఏ ఫైలింగ్‌ల (జెనరిక్ మందు అనుమతి కోసం అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏకి పెట్టే దరఖాస్తుల) మీదే నడుస్తోంది. దరఖాస్తు ఐదు మాడ్యూళ్లుగా (భాగాలుగా) వెళ్తుంది, అందులో మూడోది పూర్తిగా క్వాలిటీ. అది చక్కగా రాయగలిగినవాళ్లకి ఎప్పుడూ గిరాకీ ఉంటుంది. ల్యాబులో నిలబడి కాళ్లు లాగించుకోవాల్సిన అవసరం ఏముంది?

ఫార్ములేషన్ పాత కాపు, ఎడిసన్

తమ్ముడూ, నువ్వు రెగ్యులేటరీకి రాకముందు ల్యాబులో పనిచేసినవాడివే. ఆ అనుభవం వల్లనే మాడ్యూల్ 3లో ఒక అంకె తేడాగా ఉంటే నీ కన్ను అక్కడ ఆగుతుంది. చదువు కాగానే నేరుగా ఫైలింగ్ డెస్కు మీద కూర్చున్న పిల్లలకి 40 డిగ్రీలు, 75 శాతం తేమలో ఆరునెలలు పెట్టిన మాత్ర ఎందుకు రంగు మారిందో ఎలా తెలుస్తుంది?

క్యూసీ మేనేజర్, నార్త్ కరోలినా

నేను అన్నగారి వైపే. నేను మనుషుల్ని తీసుకునేటప్పుడు డిసల్యూషన్ (మాత్ర ద్రవంలో ఎంత కరుగుతుందో చూసే పరీక్ష) గురించి అడుగుతాను. ఆరు పాత్రలు, 900 మిల్లీలీటర్ల ద్రవం, 37 డిగ్రీలు, ప్యాడిల్ 50 ఆర్పీఎం, ఇది అందరూ అప్పజెప్తారు. ఆరింటిలో ఒక్క మాత్ర తక్కువ కరిగితే ఏం చేస్తావు అంటే, ఎక్కువమంది "మళ్లీ చేస్తాను" అంటారు. అక్కడే ఇంటర్వ్యూ అయిపోతుంది. ద్రవంలో గాలి తీశావా, మాత్ర కింద బుడగ పట్టిందా, ప్యాడిల్ ఎత్తు సరిగ్గా ఉందా, ముందు ఇవన్నీ చూడాలి, చూసింది రాయాలి. ఫలితం నచ్చేదాకా మళ్లీ మళ్లీ పరీక్షించడం కుదరదని 1993లో బార్ లేబొరేటరీస్ కేసులో ఫెడరల్ కోర్టు తేల్చేసింది. ఎఫ్‌డీఏ ఓఓఎస్ గైడెన్స్ (పరీక్ష ఫలితం హద్దు దాటితే ఏం చేయాలో చెప్పేది) నెట్‌లో ఉచితంగా ఉంది, సెమిస్టర్ మొదలయ్యేలోపు చదువు.

ఇంకో అలవాటు. నోట్‌బుక్‌లో తప్పు రాస్తే కొట్టేయడానికి ఒక్కటే గీత, కింద అంకె కనిపించాలి. పక్కన పొడి సంతకం, తేదీ, కారణం. వైట్‌నర్ ముట్టుకోకు. కాలేజీ ల్యాబులో ఎవరూ అడగరు, అయినా అక్కడే అలవాటు చేసుకో.

వ్యాలిడేషన్, న్యూజెర్సీ

ల్యాబు ఉద్యోగాలు తక్కువ, జీతాలు తక్కువ. కంప్యూటర్ సిస్టమ్ వ్యాలిడేషన్ (కంపెనీ సాఫ్ట్‌వేర్ సరిగ్గా పనిచేస్తోందని పరీక్షించి రుజువు చేయడం) నేర్చుకుని కన్సల్టెన్సీ ద్వారా వెళ్తే తొందరగా సెటిల్ అవుతావు. మా బ్యాచ్‌లో సగంమంది అలాగే వెళ్లారు.

ఫార్ములేషన్ పాత కాపు, ఎడిసన్

వ్యాలిడేషన్ మంచి పనే, పార్ట్ 11 (కంప్యూటర్ రికార్డులు, సంతకాల మీద ఎఫ్‌డీఏ నిబంధన) తెలిసినవాళ్లు ప్రతి కంపెనీకీ కావాలి. కానీ కన్సల్టెన్సీ వాళ్లు రెజ్యూమెలో లేని మూడేళ్ల అనుభవం పెడతామంటే అక్కడినుంచి లేచి వచ్చేయ్. ఆ అబద్ధం వీసా కాగితాల్లోకి వెళ్లి బయటపడితే ఈ దేశంలో అడుగుపెట్టకుండా శాశ్వతంగా ఆపేయగలరు. మన పనిలో అయితే ఇంకో సంగతి కూడా ఉంది. ఆ అనుభవాన్ని నమ్మి నీకు అప్పగించిన మందు ఎవరో రోగి మింగుతాడు.

వ్యాలిడేషన్, న్యూజెర్సీ

దొంగ అనుభవం పెట్టమని నేను అనలేదు అన్నగారూ. నిజాయితీగా నడిపేవాళ్లూ ఉన్నారు.

ఫార్ములేషన్ పాత కాపు, ఎడిసన్

ఉన్నారు, కాదనను. కొత్తపిల్లకి ఎవరు ఎలాంటివాళ్లో తెలియదు కాబట్టి చెప్పాను.

కొత్త విద్యార్థిని, క్వీన్స్, న్యూయార్క్

అందరికీ చాలా థ్యాంక్స్. ఎఫ్‌పీజీఈఈ విషయం చదివి నిన్న రాత్రంతా టెన్షన్ పడ్డాను, ఇంట్లో ఇంకా చెప్పలేదు. ఐ-20 చూశాను, 51.2010 అనే ఉంది. ఒక్క సందేహం. వచ్చే సెమిస్టర్‌లో రెగ్యులేటరీ సబ్జెక్టు, బయోఫార్మాస్యూటిక్స్ ఒకే టైములో ఉన్నాయి. ఏది తీసుకోమంటారు?

రెగ్యులేటరీ అఫైర్స్, ప్లెయిన్స్‌బరో

బయోఫార్మాస్యూటిక్స్ తీసుకో చెల్లీ. గైడెన్స్‌లు ఎప్పుడైనా సొంతంగా చదువుకోవచ్చు. బయోఈక్వివలెన్స్ (జెనరిక్ మందు కూడా అసలు మందులాగే ఒంట్లోకి చేరుతుందని చూపించడం) మాత్రం బోర్డు మీద గ్రాఫ్ గీసి చెప్పే మాస్టారు ఉంటేనే బుర్రకెక్కుతుంది. ఇంట్లో ఈ వారమే చెప్పేసెయ్, నాన్నగారితో మాట్లాడమంటే నేను మాట్లాడతాను.