ఏప్రిల్‌లో పంగార్చుల్లా: రాత్రి 2 గంటలకే ఎందుకు బయల్దేరాలి?

ప్రశ్న: ఏప్రిల్ చివరి వారంలో ఉత్తరాఖండ్‌లోని పంగార్చుల్లా ట్రెక్‌కి వెళ్తున్నాం, హైదరాబాద్ నుంచి ఆరుగురం. శిఖరం ఎక్కే రోజు రాత్రి 2కే క్యాంపు వదలాలని, పైకి చేరినా చేరకపోయినా చెప్పిన టైముకి వెనక్కి తిరగాలని గైడ్ అంటున్నారు. చలి తగ్గాక 5కి బయల్దేరితే ఏమవుతుంది? కొత్తగా మంచు పడకపోతే అవలాంచ్ (మంచు చరియలు విరిగిపడటం) భయం ఉండదు కదా?

కొండదారి: గైడ్ మాట వినండి. చలికాలంలో మంచు చరియలు ఎక్కువగా కొత్త మంచు బరువుకో, గాలి పోగేసిన మంచు వల్లో విరుగుతాయి. ఏప్రిల్, మే నెలల్లో ఎండ ఒక్కటే చాలు. ఆకాశం తేటగా ఉన్న రాత్రి మంచు తనలోని వేడిని వదిలేసి పైన పెచ్చు కడుతుంది. పొద్దెక్కాక కరిగిన నీరు లోపలికి ఇంకి రేణువుల మధ్య పట్టు వదిలిపోతుంది. 30 నుంచి 45 డిగ్రీల వాలు మీద అలా జరిగితే మొత్తం కిందికి వస్తుంది. తడిమంచు మెల్లగా వచ్చినా విపరీతమైన బరువు, ఆగగానే సిమెంటులా బిగుసుకుంటుంది. ఎండ ముందు తూర్పు వాలును, తర్వాత దక్షిణాన్ని, మధ్యాహ్నం దాటాక పడమరను పట్టుకుంటుంది. ప్రమాదమూ అదే వరసలో తిరుగుతుంది. 5కి బయల్దేరితే ఎక్కడం బాగానే ఉంటుంది, దిగడమే మెత్తబడిన మంచు మీద పడుతుంది.

చమోలీ_ట్రెక్స్: పైన చెప్పింది నిజమే కానీ గడియారం ఒక్కదాన్నే నమ్మొద్దు. రాత్రంతా మబ్బు కమ్మితే మంచు గట్టిపడదు, 2కి బయల్దేరినా లాభం లేదు. టెంట్ బయటికి రాగానే మంచు మీద నిలబడి చూడండి. పెచ్చు మీ బరువు మోస్తే సరే; చీలమండ దాటి దిగబడితే ఆ రోజు నిటారు వాలు జోలికి పోకండి. దారిలో ఎండ తగిలిన బండల కింద మంచు ఉండలు దొర్లి గీతలు పడుతున్నా, గుప్పిట్లో పిండితే నీళ్లు కారుతున్నా వెంటనే దిగిపోవాలి. మంచు కురిశాక వచ్చే మొదటి ఎండ రోజు మరీ ప్రమాదం. 2021 ఏప్రిల్ 23న ఇదే చమోలీ జిల్లాలో సుమ్నా దగ్గర బీఆర్‌వో (సరిహద్దు రోడ్ల సంస్థ) క్యాంపు మీద చరియలు పడ్డాయి, అంతకుముందు అక్కడ భారీగా మంచు కురిసింది. డీజీఆర్‌ఈ (మంచు చరియల ముప్పును అంచనా వేసే రక్షణ పరిశోధన సంస్థ) హెచ్చరికలు చూసుకోండి, అయితే అవి ప్రాంతం మొత్తానికి. మీరు దాటబోయే వాలు సంగతి చెప్పవు.

ప్రశ్న అడిగినవారు: తెల్లవారుజామున మంచు అంత గట్టిగా ఉంటే కాలు జారదా అండి?

ఐస్‌యాక్స్: జారుతుంది. తెల్లారకముందు జారుడు, పొద్దెక్కాక చరియలు, రెండింటికీ సిద్ధపడాలి. ఒక మోస్తరు వాలుకు మైక్రోస్పైక్స్ (బూట్లకు తొడిగే చిన్న ముళ్ల గొలుసులు) సరిపోతాయి. గట్టి మంచు మీద 35 డిగ్రీలు దాటితే క్రాంపాన్లు (బూట్లకు కట్టే పొడవాటి ఇనుప ముళ్లు), ఐస్ యాక్స్ (మంచు గొడ్డలి) కావాలి. జారినప్పుడు యాక్స్‌తో ఆపుకోవడం ముందురోజు క్యాంపు దగ్గర, కింద బండలు లేని చోట సాధన చేయించమని గైడ్‌ని అడగండి. మంచు మెత్తబడ్డాక స్పైక్స్ కింద ఉండలు కడుతుంది, కర్రతో తట్టి రాల్చుకుంటూ ఉండాలి.

అనుమానమున్న వాలును ఒక్కొక్కరే దాటండి, మిగతావాళ్లు పక్కన నిలబడి కనిపెట్టుకుని ఉండాలి. కర్రల పట్టీలు మణికట్టుకు తగిలించుకోవద్దు. గట్టు అంచున గాలికి వేలాడే మంచు చూరు మీదికి గానీ కిందికి గానీ వెళ్లొద్దు.

బీకన్ (మంచు కింద ఉన్నవాళ్లను సిగ్నల్‌తో పట్టించే పరికరం), ప్రోబ్ (మంచులో గుచ్చి వెతికే పొడవాటి కడ్డీ), పార ఉన్నాయా అని బుక్ చేసేముందే కనుక్కోండి. మంచు కింద చిక్కినవాళ్లు బతికే అవకాశం మొదటి 10, 15 నిమిషాల తర్వాత బాగా పడిపోతుంది, బయటి సాయం అంతలో రాదు. బీకన్ పెట్టుకుంటే ఫోన్‌ని దానికి కనీసం 20 సెంటీమీటర్ల దూరంలో ఉంచండి, వెతికేటప్పుడు 50.