అబీటా 42 తక్కువ, టావ్ నార్మల్: అల్జీమర్స్ ఉన్నట్టా, లేనట్టా?

పటమట_ఫిజీషియన్: సూర్యారావుపేట నుంచి వచ్చే వెన్నునీటి రిపోర్టుల్లో ఈ తికమక తరచూ చూస్తున్నాం. మెదడులో అమిలాయిడ్ అనే ప్రోటీన్ పేరుకుంటే, దాని ముక్క అబీటా 42 అంకె పెరగాలి కదా అంటారు ఇంట్లోవాళ్లు.

బ్రాడీపేట_న్యూరో: పెరగదండీ, తగ్గుతుంది. ఏపీపీ ప్రోటీన్‌ను ముందు బీటా సెక్రెటేజ్, తర్వాత గామా సెక్రెటేజ్ అనే ఎంజైములు కత్తిరిస్తాయి. ముక్కల్లో ఎక్కువ భాగం 40 అమైనో ఆమ్లాలవి, కొన్ని 42వి. ఆ 42వే బంక. కణాల బయట ప్లాక్‌గా గడ్డకడతాయి. అక్కడ చిక్కుకున్నది వెన్నునీటిలోకి రాదు.

కొత్తపేట_ల్యాబ్: ఇంకో దిక్కుమాలిన కారణం ట్యూబు. అబీటా 42 గాజుకీ, పాలీస్టైరీన్‌కీ అంటుకుపోతుంది. పాలీప్రొపిలీన్ ట్యూబులోకే నేరుగా పట్టాలి. ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి పోసినప్పుడల్లా కొంత గోడకే పోతుంది. అడుగున కాస్త పట్టి పంపినా అంతే, నీరు తక్కువ, గోడ ఎక్కువ. 42 ఒక్కటే తగ్గితే ముందు ట్యూబు సంగతి అడగండి. 42/40 నిష్పత్తి కూడా చేయించండి. 40 కూడా అంటుకునేదే కాబట్టి నిష్పత్తి అంతగా చెదరదు.

పటమట_ఫిజీషియన్: నిష్పత్తీ తక్కువే వస్తే?

బ్రాడీపేట_న్యూరో: అమిలాయిడ్ ఉన్నట్టే. మతిమరుపంతా దాని ఖాతాలో వేయకండి సార్. అది లక్షణాలకు 15–20 ఏళ్ల ముందే మొదలవుతుంది, డెబ్బై దాటి చిట్టాపద్దులు చక్కగా చూసుకునేవాళ్లలోనూ ఉంటుంది. మనిషి ఎంత దిగజారాడో చెప్పేది టావ్ అనే ఇంకో ప్రోటీన్. నరకణంలో సరుకు నడిచే సూక్ష్మనాళికల్ని అది పట్టి ఉంచుతుంది, బెజవాడ జంక్షన్‌లో పట్టాల కింద స్లీపర్లలా. ఫాస్ఫేట్లు మితిమీరి అంటుకుంటే ఊడొచ్చి కణం లోపలే చిక్కుముళ్లు పడుతుంది. ముందు కొత్త జ్ఞాపకాలు పట్టే ఎంటోరైనల్ కార్టెక్స్, ఆపై హిప్పోకాంపస్, తర్వాతే మిగతా మెదడు పైపొర. అందుకే పొద్దున తిన్న ఇడ్లీ ముందు మరుపుకొస్తుంది, పెళ్లినాటి సంగతులు చాన్నాళ్లు నిలుస్తాయి.

గుంటూరు_ఫార్మా: మతిమరుపుకు వాడే డోనెపెజిల్ మాత్ర అమిలాయిడ్‌నూ, టావ్‌నూ ముట్టదు. 5 మి.గ్రా.తో మొదలు, 4–6 వారాలకు 10. నాడి నెమ్మదిగా ఉంటే ఈసీజీ చూడకుండా ఇవ్వొద్దు. అమిలాయిడ్‌ను తీసే లెకనెమాబ్ కిలోకు 10 మి.గ్రా., రెండు వారాలకోసారి సిరలోకి. 18 నెలల ట్రయల్‌లో క్షీణత 27 శాతం నెమ్మదించింది. వినడానికి ఘనంగా ఉంది గానీ, జబ్బు తీవ్రత కొలిచే 18 పాయింట్ల స్కేలు మీద తేడా 0.45. మెదడులో వాపు, రక్తస్రావం రావచ్చు. 3, 5, 7, 14 డోసుల ముందు ఎంఆర్ఐ తప్పదు. అపోఈ4 జన్యువు రెండు కాపీలుంటే ముప్పు మరీ ఎక్కువ.

కొత్తపేట_ల్యాబ్: వెన్నులో సూది వద్దనేవాళ్లకు రక్తంలో పీ-టావ్ 217 (ఫాస్ఫేట్ అంటుకున్న టావ్) పరీక్ష ఉంది. కిడ్నీలు దెబ్బతింటే అది ఊరికే పెరుగుతుంది, పక్కన కిడ్నీ పరీక్ష క్రియాటినిన్ పెట్టుకుని చదవండి. వీటన్నిటికంటే ముందు విటమిన్ బి12, థైరాయిడ్ చూసే టీఎస్‌హెచ్ పరీక్షలు అయ్యాయా?